వాయుసేనా, ఎయిర్‌లైనా అన్న ప్రశ్నే తప్పు

బెంగళూరులో ఎలహంక నుంచి మారతహళ్ళి దాకా ఏ తెలుగు ఇంట్లో పైలట్ అవుతానన్న పిల్ల ఉన్నా, పిల్లాడున్నా, పెద్దవాళ్ళ తీర్పు దాదాపు ఒక్కటే. "ఎయిర్‌ఫోర్స్ గొప్పదేనమ్మా, కాదనను. కానీ పద్నాలుగేళ్ళు అక్కడ గడిపి వస్తే ఇక్కడ సీనియారిటీ ఏమవుతుంది? నీ తోటివాళ్ళు కమాండర్లయి ఉంటారు, నువ్వు వాళ్ళ పక్కన కో-పైలట్‌వి." "అమెరికాలో రెండూ చేసేవాళ్ళున్నారు కదా మావయ్యా, నెలలో కొన్ని రోజులు మిలిటరీ విమానం, మిగతా రోజులు ఎయిర్‌లైన్?" అని పిల్ల అడిగితే, "అవి ఆ దేశంలో చెల్లుతాయి. మన దగ్గర రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు మునుగుతారు" అనడంతో సంభాషణ ముగిసిపోతుంది.

ఇది ఒక్క మావయ్యల అభిప్రాయమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. రిటైరైన అధికారులు చాలామంది ఇదే అంటారు: సైనిక పైలట్ అంటే పూర్తికాలపు మనిషి, పార్ట్‌టైమ్ సైనికుడు సగం సైనికుడు. ఎయిర్‌లైన్ నిర్వాహకులూ ఇదే అంటారు: మా రోస్టర్‌లోంచి మనుషుల్ని లాగితే విమానాలు ఆగిపోతాయి. విధానాలు రాసే దగ్గరేమో అసలు ఈ ప్రస్తావనే రాదు. ఇంతమంది ఇన్ని వైపుల నుంచి ఒకే మాట అంటుంటే అది ప్రకృతి ధర్మమేమో అనిపిస్తుంది. కాదు. రిజర్వ్‌లో ఉండి, అంటే వేరే ఉద్యోగం చేసుకుంటూనే, సైనిక విమానం నడపడం సరదా పని అన్నదీ తప్పే, ప్రాంతీయ ఎయిర్‌లైన్ ఉద్యోగం దానికంటే భద్రమన్నదీ తప్పే, మన దేశంలో అది కుదరదన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు ఆ చివరిదే చూద్దాం, ఎందుకంటే మిగతా రెండూ దాని నీడలోనే బతుకుతున్నాయి.

కుదరదు అనేవాళ్ళు మన చట్టాల పుస్తకం తెరిచి చూడాలి. 1952లో పార్లమెంటు రిజర్వ్ అండ్ ఆక్సిలరీ ఎయిర్‌ఫోర్సెస్ చట్టం చేసింది. స్వతంత్రం వచ్చి అయిదేళ్ళే అయింది, ఖజానాలో డబ్బు లేదు, వాయుసేన చిన్నది. అయినా ఆనాటివాళ్ళకు ఒక సంగతి స్పష్టంగా తెలుసు: యుద్ధం వచ్చిన రోజున పైలట్లను అప్పటికప్పుడు తయారు చేయలేం. అందుకని మూడు విభాగాలు పెట్టారు. సేవ ముగించుకుని వెళ్ళినవాళ్ళతో రెగ్యులర్ రిజర్వ్. విమానం నడపడం, మరమ్మతు చేయడం తెలిసిన పౌరులతో ఎయిర్ డిఫెన్స్ రిజర్వ్. వీటితోపాటు, తమ ఉద్యోగం తాము చేసుకుంటూ శిక్షణకు వచ్చే పౌరులతో ఆక్సిలరీ ఎయిర్‌ఫోర్స్, అంటే సహాయక వాయుసేన. ఇది కాగితం మీదే ఉండిపోలేదు. 1950లలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు లాంటి నగరాల పేర్లతో సహాయక స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి. ఆఫీసుల్లో, కంపెనీల్లో పనిచేసే మనుషులు వాటిలో విమానాలు నడిపారు. 1960లలో ఆ ప్రయోగం ఆగిపోయింది. తర్వాతి తరం దాన్ని అందుకోలేదు. ఒకసారి చేసి వదిలేసిన పనిని అసాధ్యమని పిలవడం ఏం న్యాయం?

అంతకు ముందు కూడా చరిత్ర ఉంది, అది మన తీరానికే దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం వాలంటీర్ రిజర్వ్ పెట్టి, తీరరక్షణ ఫ్లైట్లను ఏర్పాటు చేసింది. మద్రాసులో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లలో మిగతావి. ఫ్లయింగ్ క్లబ్బుల్లో లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు, పౌర విమానాలు నడిపినవాళ్ళు వాటిలో చేరారు. విమానాల్లో కొన్ని కూడా పౌర సంస్థల నుంచి తీసుకున్నవే; అంతకుముందు ప్రయాణికుల్ని మోసిన అటలాంటా విమానాలు మద్రాసు తీరంలో సముద్రం మీద కాపలా తిరిగాయి. మొహిందర్ సింగ్ పుజ్జీ కథ చదివినవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని, హిమాలయా ఎయిర్‌వేస్‌లో లైన్ పైలట్‌గా పనిచేసి, తర్వాత చమురు కంపెనీ ఉద్యోగంలో ఉన్న మనిషి ఆయన. 1940లో వాలంటీర్ రిజర్వ్‌లో చేరి ఇంగ్లండ్ ఆకాశంలో హరికేన్ నడిపాడు, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ తెచ్చుకున్నాడు. ఆయన సగం సైనికుడా?

బ్రిటన్ సంగతి చెప్పుకుంటే ఈ సగం సైనికుడన్న మాట ఇంకా తేలిపోతుంది. 1940 వేసవిలో జర్మన్ విమానాల మీద పోరాడిన ఫైటర్ కమాండ్ స్క్వాడ్రన్లలో పద్నాలుగు సహాయక వాయుసేనవే. యుద్ధానికి ముందు వాటిలోని మనుషులు లాయర్లు, వ్యాపారులు, బ్యాంకు ఉద్యోగులు. వారాంతాల్లో ఎగరడం నేర్చుకున్నారు. లండన్ బతికి బయటపడిందంటే వాళ్ళ వాటా తక్కువేమీ కాదు.

మన దగ్గర 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ను శ్రీనగర్‌కు చేర్చినప్పుడు వాయుసేన డకోటాలు చాలలేదు. ప్రైవేటు సంస్థల డకోటాలను పిలిపించారు, పౌర పైలట్లే వాటిని నడిపారు. కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టిన బిజూ పట్నాయక్ స్వయంగా ఆ తొలి రోజే శ్రీనగర్‌లో విమానం దింపాడు. రన్‌వే ఎవరి చేతుల్లో ఉందో కచ్చితంగా తెలియని రోజు అది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులను, వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎందరో, వెనక్కి తెచ్చిన బరువు మోసింది ప్రధానంగా ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు. 59 రోజులు, 488 విమానాలు, లక్షా పదకొండు వేల మందికి పైగా మనుషులు. అంటే ఆపద వచ్చిన ప్రతిసారీ ఈ దేశం పౌర పైలట్ మీద ఆధారపడింది. ఆధారపడుతూనే, మామూలు రోజుల్లో అతన్ని సిద్ధం చేసే ఏర్పాటు మాత్రం అక్కర్లేదంటోంది. నాకు కోపం తెప్పించేది ఈ వైరుధ్యమే.

సైన్యం వైపు చూస్తే ఈ కుదరదన్న మాట ఇంకా నిలవదు. టెరిటోరియల్ ఆర్మీ 1949 నుంచి నడుస్తోంది. రైల్వే ఉద్యోగులు, చమురు సంస్థల ఇంజనీర్లు అందులో పార్ట్‌టైమ్ సైనికులు. సేవకు పిలిచి తీసుకెళ్ళినవాణ్ణి పాత యజమాని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న నియమం ఆ చట్టంలోనే ఉంది. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు, అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీ మనుషులందరినీ పిలవడానికి సైన్యాధిపతికి కేంద్రం అధికారం ఇచ్చింది. మహేంద్రసింగ్ ధోనీ గౌరవ లెఫ్టినెంట్ కర్నల్‌గా ఉన్న పారాచూట్ బెటాలియన్ టెరిటోరియల్ ఆర్మీదే, అదీ బెంగళూరులోనే ఉంది. ఈ ఊళ్ళో పార్ట్‌టైమ్ సైనికుడు విమానంలోంచి పారాచూట్‌తో దూకవచ్చు. ఆ విమానం నడిపే పార్ట్‌టైమ్ పైలట్ మాత్రం ఉండకూడదట. ఇందులో తర్కం ఎక్కడుందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక బెంగళూరు. సైనిక విమానయానం, పౌర విమానయానం వేర్వేరు లోకాలని నమ్మేవాళ్ళు ఈ ఊళ్ళో ఉంటూ ఎలా నమ్ముతున్నారో! పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది, 1957 నుంచీ. వాయుసేన నడిపే సంస్థ. యుద్ధ విమానాల పైలట్లకు అక్కడే పరీక్షలు, గగన్‌యాన్‌కు ఎంపికైన వ్యోమగాములకు అక్కడే పరీక్షలు. ఎయిర్‌లైన్‌లో చేరాలనుకునే కుర్రాళ్ళలో ఎందరో క్లాస్ వన్ మెడికల్‌కు క్యూ కట్టేదీ అక్కడే. ఒకే డాక్టరు, ఒకే చెవి పరీక్ష, ఒకే ఈసీజీ. అదే రోడ్డు మీది హెచ్‌ఏఎల్ రన్‌వేని 2008 మేలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచేదాకా ఎయిర్‌బస్సులూ, పరీక్షకు ఎగిరే యుద్ధ విమానాలూ పంచుకున్నాయి. మన దుండిగల్ అకాడమీలో మొదటిసారి ఒంటరిగా ఎగిరిన కేడెట్, రవాణా విభాగానికి ఎంపికైతే తర్వాతి శిక్షణకు వచ్చేది ఎలహంకకే. ఎలహంక స్థావరానికీ, దేవనహళ్ళిలో ప్రాంతీయ విమానాలు ఎక్కే చోటుకీ మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు.

విమానాలు కూడా వేరు కాదు. డోర్నియర్ 228 చూడండి. కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారు చేస్తుంది. వాయుసేన నడుపుతుంది, నౌకాదళం నడుపుతుంది, కోస్ట్‌గార్డ్ నడుపుతుంది. 2022 ఏప్రిల్‌లో అలయెన్స్ ఎయిర్ కూడా అదే రకం విమానంతో అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు ప్రయాణికుల్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అంతకుముందు తరంలో ఆవ్రో హెచ్‌ఎస్ 748 కూడా అంతే: ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనూ ఉంది, వాయుసేనలోనూ ఉంది. ఒకే కాక్‌పిట్, ఒకే చెక్‌లిస్టు, ఒక ఇంజన్ ఆగిపోతే చేయాల్సిన పని ఒక్కటే. ఇన్ని పోలికలున్న చోట పైలట్‌ను మాత్రం రెండు ముక్కలు చేయాలనడం యంత్రానికి తెలిసిన సంగతి మనిషికి తెలియకపోవడమే.

నిజానికి రెండు వ్యవస్థలూ ఒకదాన్నొకటి గుర్తించే ఉన్నాయి. వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి వయోపరిమితి ఇరవై నాలుగు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన వాణిజ్య పైలట్ లైసెన్సు (సీపీఎల్) చేతిలో ఉంటే ఇరవై ఆరు దాకా సడలిస్తారు. అటు నుంచి వచ్చినవాళ్ళ సైనిక గంటలను డీజీసీఏ లైసెన్సుకు లెక్కలోకి తీసుకుంటుంది. ఇటు నుంచి అటు ఒక తలుపు, అటు నుంచి ఇటు ఒక తలుపు. కాకపోతే రెండూ ఒక్కసారే తెరుచుకుని మూసుకుపోతాయి. నేను అడుగుతున్నది కొత్త తలుపు పెట్టమని కాదు, ఉన్న తలుపులను తెరిచి ఉంచమని.

ఇప్పుడు సీనియారిటీ వాదన. ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు, అందులో నిజం ఉంది. ఎయిర్‌లైన్‌లో చేరిన తేదీయే జీవితాన్ని నిర్ణయిస్తుంది: కమాండ్ ఎప్పుడు, ఏ విమానం, ఏ బేస్, పండక్కి సెలవు ఎవరికి. ఇరవై మూడేళ్ళకు చేరినవాడికీ ముప్పై ఏడేళ్ళకు చేరినవాడికీ మధ్య తేడా ఉంటుంది. కానీ ఆ లెక్క వేసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. సీనియారిటీకి విలువ ఉండాలంటే ఆ ఎయిర్‌లైన్ బతికి ఉండాలి.

బెంగళూరుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1971 యుద్ధం చూసిన మాజీ సైనికాధికారి కెప్టెన్ గోపీనాథ్ 2003 ఆగస్టులో ఈ ఊరి నుంచే హుబ్బళ్ళికి ఏటీఆర్‌తో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు. దేశంలో మామూలు మనిషి విమానం ఎక్కడం అక్కడి నుంచే మొదలైందన్నా అతిశయోక్తి కాదు. అయిదేళ్ళు తిరక్కుండా అది కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ లైసెన్సు సస్పెండ్ అయింది. అప్పటికే నెలల తరబడి జీతాలు లేవు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్‌ను మనవాళ్ళు మన సంస్థ అనుకున్నారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాద్‌కు ఎగిరింది అదే, బళ్ళారి పక్కన విద్యానగర్ నుంచి బెంగళూరుకు తీసుకొచ్చిందీ అదే. 2022 ఫిబ్రవరికి ఆగిపోయింది. ఇలాగే 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్. కోటి రూపాయల దాకా అప్పు చేసి సీపీఎల్, టైప్ రేటింగ్ పూర్తిచేసి, ఒక సంస్థలో చేరి, ఆ సంస్థే లేకుండా పోయిన పైలట్‌కు ఆ సీనియారిటీ నంబరు ఏం పనికొచ్చింది? ఇంకో చోట మళ్ళీ అట్టడుగు నుంచే మొదలు. వాయుసేన నుంచి వచ్చినవాడు పద్నాలుగేళ్ళ తర్వాత ఎక్కడ నిలబడతాడో, ఇతనూ అక్కడే నిలబడ్డాడు, నెత్తిమీద అప్పుతో.

ఇదే చోట రిజర్వ్ విలువ తెలుస్తుంది. ఎయిర్‌లైన్ మూతపడిన నెలలో కూడా రిజర్వ్ పైలట్ చేతిలో విమానం ఉంటుంది, గంటలు నిలిచి ఉంటాయి, ఎంతో కొంత జీతం వస్తుంది. పైలట్ అన్నవాడికి ఉద్యోగం పోవడం కంటే పెద్ద దెబ్బ ఎగరకుండా ఆరు నెలలు గడవడం. రీసెన్సీ పోతుంది, మళ్ళీ సిమ్యులేటర్, మళ్ళీ చెక్, మళ్ళీ ఖర్చు.

డబ్బు మాట కూడా ఒకసారి సూటిగా మాట్లాడుకుందాం. వాయుసేనలో కొత్తగా చేరిన ఫ్లయింగ్ ఆఫీసర్ మూల వేతనం 56,100 రూపాయలు. సైనిక సేవా వేతనం 15,500. ఫ్లయింగ్ అలవెన్స్ 25,000. కరువు భత్యం కలపకముందే 96,600. శిక్షణకు ఇంటి నుంచి పెట్టిన ఖర్చు సున్నా. ఇటుపక్క శిక్షణకే కోటి, దాని మీద వడ్డీ, ఉద్యోగం వచ్చేదాకా నెలలో ఏళ్ళో ఎదురుచూపు. కమాండ్ వచ్చాక ఎయిర్‌లైన్ జీతం చాలా ఎక్కువ, నిజమే. కానీ ఇరవై రెండేళ్ళకు షార్ట్ సర్వీస్‌లో చేరినవాడు ముప్పై ఆరుకు బయటికొస్తాడు. ఎయిర్‌లైన్‌లో అరవై అయిదు దాకా ఎగరవచ్చు. అంటే ఇంకా ఇరవై తొమ్మిదేళ్ళు. జీవితమంతా పోయినట్టు మాట్లాడటానికి ఇందులో ఏముంది? అయితే ఆ మనిషికి అసలు అన్యాయం ఇంకొక చోట జరుగుతోంది. పద్నాలుగేళ్ళకు బయటికొచ్చేవాడికి పింఛను లేదు, దానికి ఇరవై ఏళ్ళు కావాలి. ఎగరడానికి రిజర్వ్ కూడా లేదు. దేశం అతని మీద పెట్టిన ఖర్చంతా ఆ రోజుతో గాలికి పోయినట్టే.

కార్గిల్ యుద్ధంలో చీతా హెలికాప్టర్ నడిపిన గుంజన్ సక్సేనా 2004లో షార్ట్ సర్వీస్ ముగించుకుని బయటికొచ్చింది. అప్పట్లో మహిళా పైలట్లకు పర్మనెంట్ కమిషన్ లేదు. యుద్ధరంగంలో, ఆ ఎత్తుల్లో ఎగిరిన అనుభవం ఎంత అరుదైనది! ఏడాదికి కొన్ని వారాలు వచ్చి కుర్రాళ్ళకు నేర్పమని ఆమెలాంటివాళ్ళను అడిగే ఏర్పాటు ఈ దేశానికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇంకోవైపు పైలట్ల కొరత. 2015లో 486 మంది తక్కువగా ఉంటే 2021 చివరికి ఆ సంఖ్య 596కు పెరిగిందని కాగ్ తేల్చింది. కొరత పెరుగుతుంటే దొరికిన జవాబు ఏమిటంటే, వెళ్ళిపోతామన్న అధికారుల విడుదల దరఖాస్తులు తిరస్కరించడం. మనసు బయట ఉన్న మనిషిని లోపల కట్టేస్తే రెండు వైపులా నష్టమే. వెళ్ళనివ్వండి, నెలకు రెండు మూడు రోజులు తిరిగి రమ్మనండి. తొమ్మిది వందల గంటల ఎయిర్‌లైన్ అనుభవంతో తిరిగొచ్చే రవాణా పైలట్ వాయుసేనకు బరువెలా అవుతాడు?

అమెరికాలో ఈ ఏర్పాటు ఎలా నడుస్తోందో చాలామందికి సగమే తెలుసు. ఎయిర్ నేషనల్ గార్డ్, ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్ అని రెండు ఉన్నాయి. కనీస బాధ్యత నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు. పైలట్లు నైపుణ్యం నిలుపుకోవడానికి ఇంకా ఎక్కువే వెళ్తారు. 1994 నాటి చట్టం ప్రకారం, సేవకు వెళ్ళివచ్చిన ఉద్యోగికి ఉద్యోగమే కాదు, అతను అసలు వెళ్ళకపోయి ఉంటే ఏ సీనియారిటీలో ఉండేవాడో ఆ సీనియారిటీయే ఇవ్వాలి. మన మావయ్యల భయం మొత్తం ఈ ఒక్క నియమంతో తీరిపోయేది. అక్కడ ప్రాంతీయ ఎయిర్‌లైన్లలో కొత్త పైలట్ల జీతాలు ఒకప్పుడు ఎంత హీనంగా ఉండేవో 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి యాభై మంది చనిపోయాక లోకానికి తెలిసింది. తర్వాత ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు 1,500 గంటలు కావాలన్న నియమం వచ్చింది. సైన్యంలో శిక్షణ పొందినవాళ్ళకు 750 చాలన్నారు. అంటే సైనిక శిక్షణలోని ఒక గంటకు ఎంత బరువుందో అక్కడి నియంత్రణ సంస్థే తూచి చెప్పింది. అక్కడి కుర్రాడు గార్డ్ స్క్వాడ్రన్‌లో స్థానం ముందా, ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో నంబరు ముందా అని తర్జనభర్జన పడతాడు. రెండూ దొరికే అవకాశం ఉందని తెలిసి పడే తర్జనభర్జన అది. మన పిల్లలకు ఆ భాగ్యం కూడా లేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, అది అలసట. ఎయిర్‌లైన్ పైలట్ సెలవు రోజున వెళ్ళి వాయుసేన ఆంటోనోవ్ రవాణా విమానం నడిపితే, మర్నాడు నూట ఎనభై మందిని ఎక్కించుకుని తెల్లవారుజామున బయల్దేరడం క్షేమమేనా? ఈ ప్రశ్న వేసేవాళ్ళు నిజాయితీగా వేస్తున్నారు. దీనికి "దేశం కోసం" అన్న మాట జవాబు కాదు. డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించిన కొత్త నియమాలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచాయి, రాత్రి లాండింగ్‌లను తగ్గించాయి. ఆ 48 గంటలను ఎవరూ తాకకూడదు, వాయుసేన కూడా. రిజర్వ్‌లో ఎగిరిన ప్రతి గంటా ఏడాదికి వెయ్యి గంటల పరిమితిలోనే లెక్కకు రావాలి. రిజర్వ్ డ్యూటీ సెలవు రోజుల్లోంచి కాదు, ఎయిర్‌లైన్ పని రోజుల్లోంచి తీయాలి. అలా చేస్తే అలసట పెరగదు, ఎయిర్‌లైన్‌కు దక్కే రోజులు తగ్గుతాయి.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఎయిర్‌లైన్లు అలసట గురించి మాట్లాడినప్పుడు చాలాసార్లు వాళ్ళ మనసులో ఉన్నది మనుషుల లెక్క. 2025 డిసెంబర్ మొదటి వారం ఈ ఊరివాళ్ళు మరిచిపోయి ఉండరు. కొత్త విశ్రాంతి నియమాల రెండో దశ నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. దానికి తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబర్ 5 ఒక్క రోజే వెయ్యికి పైగా విమానాలను రద్దు చేసింది. దేవనహళ్ళిలో జనం సూట్‌కేసుల మీద తలపెట్టి పడుకున్నారు. ప్రణాళికలో లోపం ఉందని సంస్థే ఒప్పుకుంది. దాదాపు రెండేళ్ళ ముందే తెలిసిన నియమానికి కూడా సిద్ధపడనంత బొటాబొటీగా మనుషుల్ని పెట్టుకునే పద్ధతి అది. రిజర్వ్‌కు మనుషుల్ని వదల్లేం అనే వాదన పుట్టింది ఆ పద్ధతిలోంచే. ఆ పద్ధతి ప్రయాణికులకే మేలు చేయలేదు, దాన్ని దేశరక్షణ విషయంలో ప్రమాణంగా ఎలా తీసుకుంటాం? ఏడాదికి ముప్పై రోజులు కొందరు పైలట్లు ఉండరని ముందే తెలిస్తే సంస్థ ఇంకొందరిని పెట్టుకుంటుంది. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న సీపీఎల్ పిల్లలు ఈ ఊళ్ళో తక్కువా?

నైపుణ్యం గురించిన అభ్యంతరంలో కొంత నిజం ఉంది. సుఖోయ్ లాంటి యుద్ధ విమానాన్ని నెలకు రెండు మూడు రోజులు వచ్చి నడపడం మన పరిస్థితుల్లో కుదరదు. ఆయుధాలు, వ్యూహాలు రోజూ సాధన అడుగుతాయి. నేను ఆ పని అడగడం లేదు. ఆవ్రోల స్థానంలో వస్తున్న సీ-295, డోర్నియర్, వీఐపీ విమానాలు, శిక్షణ విమానాలు, సిమ్యులేటర్లు. ఇవి చాలు. 56 సీ-295లు వస్తున్నాయి, వాటిలో 40 వడోదరలోనే తయారవుతాయి. ఏటీఆర్ నడిపిన చేతికి ఆ రెండు టర్బోప్రాప్ ఇంజన్ల విమానం పరాయిది కాదు. వరదల్లో మందులు దించడానికి, గాయపడ్డవాళ్ళను తీసుకురావడానికి, దుండిగల్ నుంచి వచ్చిన కొత్త పిల్లలకు పక్కగాలిలో విమానం దించడం నేర్పడానికి పూర్తికాలపు స్క్వాడ్రన్ పైలట్‌నే ఎందుకు వాడాలి? అతన్ని సరిహద్దుకు వదిలేయవచ్చు.

మొదలు పెట్టాల్సిన చోటు ఎలహంక. ఒక్క ఫ్లైట్, కొన్ని డోర్నియర్లు. వాయుసేన వదిలి పదేళ్ళు దాటని, బెంగళూరు బేస్‌గా ఎయిర్‌లైన్లలో పనిచేస్తున్న మాజీ రవాణా పైలట్లు ముందు. వాళ్ళకు భద్రతా తనిఖీ కొత్తగా చేయాల్సిన పని లేదు, యూనిఫాం నేర్పాల్సిన పని లేదు. రెండేళ్ళు నడిపి చూశాక, సైన్యం మొహం చూడని సీపీఎల్ పిల్లలకూ తలుపు తెరవవచ్చు: దుండిగల్‌లో పూర్తికాలపు శిక్షణ, తర్వాత కొన్నేళ్ళు స్క్వాడ్రన్, ఆ పైన రిజర్వ్, ఎయిర్‌లైన్ రెండూ. పునాదికి చట్టం 1952 నుంచి ఉంది, నియమాలు కొత్తగా రాసుకుంటే చాలు.

ప్రైవేటు సంస్థల ఒప్పందాల్లో ప్రభుత్వం తలదూర్చకూడదని, రిజర్వ్ సెలవు తప్పనిసరి చేస్తే వ్యాపార స్వేచ్ఛకు భంగమని అనేవాళ్ళున్నారు. వాళ్ళకు 2017 ఆగస్టు నాటి డీజీసీఏ ఉత్తర్వు గుర్తుచేయాలి. కమాండర్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని అది శాసించింది. చెప్పిన కారణం ప్రజా ప్రయోజనం: పైలట్లు ఉన్నపళంగా వెళ్ళిపోతే విమానాలు ఆగి జనం ఇబ్బంది పడతారని. ఆ రోజు ఎయిర్‌లైన్లు వ్యాపార స్వేచ్ఛ గురించి మాట్లాడలేదు, ఆ నియమం వాళ్ళకు కావలసిందే. ప్రజా ప్రయోజనం పేరుతో ఒక పైలట్‌ను ఏడాది పాటు ఒక సంస్థకు కట్టేయగల ప్రభుత్వం, అదే ప్రయోజనం పేరుతో ఏడాదికి ముప్పై రోజులు అతన్ని ఎలహంకకు పంపమని ఆ సంస్థకు చెప్పగలదు. సీనియారిటీ చెక్కుచెదరకూడదని కూడా అదే ఉత్తర్వులో రాయగలదు. రాయాలి.